రోహిణి పక్కన రెండో చుక్క

తిరువూరులో ఒక హైస్కూల్లో నేను సైన్సు టీచరుగా చేరింది డెబ్బై రెండులో. మాది పెనుగొలను. రోజూ బస్సులో వచ్చిపోయే అవస్థ ఒక ఏడాది పాటు పడ్డాను. ఇక ఓపిక లేక తిరువూరులోనే ఒక ఇంట్లో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాను. అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. పెళ్లి కాలేదు. వచ్చిన రెండు సంబంధాల గురించీ నేనే ఆరా తీసి వద్దన్నాను.

నాకు అనుమానం ఎక్కువ. మా అమ్మ దాన్ని జబ్బు అనేది. నేను మాత్రం అది నా చదువు వల్ల వచ్చిన మంచి గుణమనుకునేదాన్ని. ఆ ఇంట్లో దిగిన మొదటి వారంలోనే స్కూలు ల్యాబులోంచి లాక్టోమీటరు తెచ్చి, పాలు పోసే అతని ముందే పాలలో ముంచి చూశాను. మర్నాటి నుంచి అతను మా వాటా వైపు రావడం మానేశాడు. కొత్త క్లాసు మొదలైన రోజున పిల్లలకి నేను చెప్పే మొదటి మాట ఒకటుండేది. "నేను చెప్పానని నమ్మొద్దు. మీ కంటితో చూసి నమ్మండి."

ఇంటాయనకి బస్టాండు సెంటర్లో కళ్లజోళ్ల కొట్టు ఉండేది. కళ్లు పరీక్ష చేసి అద్దాలు బిగించేవారు, వాచీలూ బాగుచేసేవారు. యాభై దాటిన మనిషి. నేను ఆయన్ని సాయిబుగారు అనీ, ఆయన భార్యని పిన్నిగారు అనీ పిలిచేదాన్ని. కూతుళ్లిద్దరికీ పెళ్లిళ్లయిపోయి ఆ ఇంట్లో వాళ్లిద్దరే ఉండేవాళ్లు. పెరడు మాత్రం నాకూ వాళ్లకీ ఉమ్మడి.

ఒకరోజు సాయిబుగారు బెజవాడ వెళ్లొచ్చి, జేబురుమాల్లో చుట్టిన గుండ్రటి అద్దం ఒకటి నాకు చూపించారు. అరచేయంత ఉంది. పాత సామాన్ల కొట్లో దొరికిందట. సర్వే వాళ్ల పెద్ద పరికరంలోంచి ఊడదీసిందట.

"మామూలు అద్దం కాదమ్మా ఇది. రెండు గాజులు కలిపి అతికించారు. అంచున రంగులు రావు. ఇట్లాంటిది నేనెప్పుడూ చేత్తో పట్టుకోలేదు," అన్నారు.

"దొంగసొత్తు కాదు కదండీ?" అన్నాను నేను.

ఆయన నవ్వేశారు. కాసేపయ్యాక, "దీంతో దుర్భిణి చేద్దామా టీచరమ్మా? లెక్క మీరు కట్టండి, బిగింపు నేను చూస్తా," అన్నారు.

రేకు డబ్బాలు చేసే అతని చేత మూడున్నర అడుగుల గొట్టం చేయించాం. లోపల నల్లరంగు వేశాం. స్కూల్లో విరిగిపోయిన మైక్రోస్కోపు ఒకటి మూల పడి ఉంటే, హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగి దాని కంటి అద్దాలు తెచ్చాను. ఒకటి అరవై రెట్లు చూపించేది, ఇంకోటి నూట పది. పెరట్లో తాటిదుంగ ఒకటి పాతి, దాని నెత్తిన వడ్రంగి చేత ఇరుసు పెట్టించాం. పెద్ద అద్దాన్ని మాత్రం గొట్టంలో వదిలేసేవాళ్లం కాదు. చూడటం అయిపోగానే మర మూత తిప్పి, అద్దం తీసి, మెత్తటి గుడ్డలో చుట్టి సాయిబుగారు చెక్కపెట్టెలో పెట్టి కొట్టుకి పట్టుకుపోయేవారు. ఇంట్లో తేమకి పాడవుతుందని ఆయన భయం. కొట్లో అద్దాల బీరువా పొడిగా ఉంటుందట. అప్పట్లో నాకు ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు.

డెబ్బై మూడు చివర, చలి మొదలయ్యాక, సాయంత్రం ఏడున్నరకల్లా శని తూర్పున పైకి వచ్చేవాడు. ముగ్గురం వంతులవారీగా చూసేవాళ్లం. ఒకరోజు సాయిబుగారు కన్ను తీయకుండానే అన్నారు.

"ఉంగరంలో నల్లగీత ఉందమ్మా. వెంట్రుకంత."

నేను చూశాను. శని చుట్టూ లేత పసుపు పళ్లెం కనిపించింది, అంచులు కాస్త చెదిరిన పళ్లెం. గీత లేదు.

"నిజంగా కనిపిస్తోందాండీ?"

"కనిపించకపోతే ఎందుకంటాను?"

పిన్నిగారు కూడా వచ్చి చూశారు. "అవును, చీరంచులో ఒక పోగు తప్పినట్టుంది," అన్నారు.

నేను లోపల లెక్క వేసుకున్నాను. శని ఉంగరంలో నల్లటి సందు ఉంటుందని నెల క్రితం అదే పెరట్లో వాళ్లకి చెప్పింది నేనే. టీచరమ్మ చెప్పింది కాబట్టి కనిపించిందంటున్నారు, నన్ను మెప్పించడానికి. మా అక్క పెళ్లిలోనూ ఇంతే. పట్టపగలు పన్నెండింటికి పంతులుగారు ఆకాశం వైపు వేలు చూపిస్తే, అరుంధతి కనిపించిందని మా అక్క తలూపింది. పక్కనే ఉండి "ఎక్కడే?" అని అడిగినందుకు అమ్మ చేత తిట్లు తిన్నాను. మనుషులు చూడనిది చూశామంటారన్నది నాకు అప్పటి నుంచీ స్థిరపడిపోయిన అభిప్రాయం.

మరుసటి ఏడాది బెజవాడలో పాత పుస్తకాల బండి మీద ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. దాని వెనక జంట నక్షత్రాల జాబితా ఉంది. కంటికి ఒక్క చుక్కలా ఉంటూ దుర్భిణిలో రెండుగా విడిపోయేవి. అదీ నాకు పట్టిన పిచ్చి. గ్రహాలు అందరూ చూస్తారు. ఒకటనుకున్నది రెండని తేల్చడంలో ఉన్న సుఖం వేరు, అందులోనూ నాలాంటిదానికి.

వేసవిలో వసిష్ఠుణ్ణి చూశాను. అరుంధతి సంగతి సరే, వసిష్ఠుడు తానే ఇద్దరు. ముగ్గురికీ స్పష్టంగా కనిపించాడు. వానలు వెళ్లాక నోటుబుక్కు ఒకటి పెట్టి, చూసిన వసిష్ఠుడితోనే మొదలుపెట్టాను. ఒక్కో చుక్కకీ ఒక గుండ్రటి గీత, లోపల పెద్ద చుక్క, పక్కన చిన్న చుక్క ఎటువైపు ఉంటే అటు. తిరువూరులో అప్పట్లో కరెంటు కోత రోజూ ఉండేది. వీధి దీపాలు ఆరగానే ఊరంతా విసుక్కుంటుంటే, నేను చెంగు దోపుకుని పెరట్లోకి పరిగెత్తేదాన్ని.

సంక్రాంతి సెలవులకల్లా నా పుస్తకంలో నలభై మూడు జంటలు చేరాయి. వాటిలో చాలా భాగం ఆ ఇంగ్లీషు పుస్తకంలో లేవు. రోహిణి జంట అని పుస్తకంలో లేదు. నాకు మాత్రం రోహిణి ఎర్రగా, పక్కనే అంటుకుని ఇంకో చుక్కతో కనిపిస్తోంది. ఆర్ద్ర కూడా అంతే. పునర్వసు నక్షత్రాల్లో ఒకటి జంట అని రాసి ఉంది, నాకు రెండూ జంటలే. పుస్తకం రాసినవాళ్లు ఎంత అశ్రద్ధగా చూశారో అనుకున్నాను. ఒక వేధశాలకి ఇంగ్లీషులో ఉత్తరం కూడా రాసి, తప్పులు దిద్ది సాపు ప్రతి తీసి పెట్టుకున్నాను. పోస్టు చేసేముందు ఆ చుక్కల్ని ఇంకో ఇద్దరికి చూపించడం మంచిదనిపించింది.

సాయిబుగారు రోహిణిని చాలాసేపు చూశారు. "ఒకటేనమ్మా నాకు," అన్నారు.

"సరిగా చూడండి. కుడిపక్కన, కాస్త పైకి."

మళ్లీ చూశారు. "ఒకటే."

పిన్నిగారూ ఒకటే అన్నారు. ఆర్ద్ర దగ్గరా అంతే. మొదట నాకు నవ్వొచ్చింది. రోజంతా వాచీల్లోకి చూసి చూసి ఆయన కళ్లు పాడైపోయాయనుకున్నాను. కానీ ఆ వారమంతా గమనించాను. నాకు ఒక్క చుక్క కూడా ఒంటరిగా కనిపించడం లేదు. ఎటు తిప్పినా జంటే. ఆకాశమంతా జంటలే ఉండటం అసాధ్యమని ఎనిమిదో క్లాసు పిల్లయినా చెబుతుంది. అంటే లోపం దుర్భిణిలో ఉంది. దుర్భిణిలో గొట్టం మారలేదు, కంటి అద్దాలు మారలేదు, అవి నా దగ్గరే ఉంటాయి. రోజూ బయటికి వెళ్లి వచ్చేది పెద్ద అద్దం ఒక్కటే.

ఆ ఆలోచన వచ్చాక ఇక అది వదల్లేదు. ఇట్లాంటిది ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదని ఆయనే అన్నారు. అంత మంచి అద్దాన్ని ఎవరికో ఇచ్చేసి, అలాంటి సైజుదే నాసిరకం అద్దం పెట్టి ఉండరని ఏమిటి నమ్మకం? నాకు రెండుగా కనిపిస్తున్నవి వాళ్లకి ఒకటిగా ఎలా కనిపిస్తున్నాయన్న ప్రశ్న వచ్చింది. దానికీ జవాబు దొరికింది. అద్దం మార్చిన మనిషి చుక్క బాగానే ఉందనక ఏమంటాడు? భార్య మొగుడి మాటకే వంత పాడుతుంది.

ఒక శనివారం స్కూలు కాగానే చెప్పాపెట్టకుండా కొట్టుకి వెళ్లాను. సాయిబుగారు లోపల బల్ల మీద చిన్న దీపం పెట్టుకుని, దాని ఎదురుగా ఏదో ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. నన్ను చూడగానే దాని మీద గుడ్డ కప్పేశారు.

"ఏంటండీ అది?"

"ఏం లేదమ్మా. ఎవరిదో గడియారం అద్దం. కూర్చోండి, టీ చెప్తాను."

ఆయనకి అబద్ధమాడటం రాదు. గుడ్డ కింద ఉన్నది మా అద్దమని దాని ఎత్తును బట్టే నాకు తెలిసిపోయింది. పట్టపగలు, కొట్లో, దీపం ముందు దాంతో పనేమిటి? ఎవరికి చూపించడానికి సిద్ధం చేస్తున్నారు? టీ తాగకుండానే వచ్చేశాను. ఆ సాయంత్రం, "ఇక నుంచి అద్దం పెట్టె నా గదిలో పెట్టుకుంటానండీ, మీకెందుకు మోత," అన్నాను మామూలుగా.

"మీ గది గోడ వానాకాలమంతా చెమ్మగిల్లుతుంది కదమ్మా. వద్దు," అన్నారు. తడుముకోకుండా అన్నారు. అదీ నాకు నచ్చలేదు.

సోమవారం ఆయన దుర్భిణి బిగించి పెట్టి, పొద్దుగుంకగానే చేసే మగ్రిబ్ నమాజుకి వెళ్లారు. పిన్నిగారు వంటింట్లో ఉన్నారు. నేను మర మూత తిప్పి అద్దాన్ని బయటికి తీశాను. దాని చుట్టూ అంచు గరుకుగా ఉంటుంది, పలక మీద రాసినట్టు పెన్సిలు బాగా పడుతుంది. అంచు మీద చిన్న ఇంటూ గుర్తు పెట్టి, మళ్లీ బిగించేశాను. దొంగని పట్టుకోబోతున్నాననే ఉత్సాహం తప్ప అప్పుడు నాకింకేమీ తోచలేదు.

బుధవారం అదే సమయానికి మళ్లీ తీసి చూశాను. గుర్తు లేదు. అంచు చుట్టూ టార్చి వేసి రెండుసార్లు తిప్పాను. ఎక్కడా లేదు.

గురువారం కూడా చూశాను. లేదు.

ఆ రెండు రోజులూ స్కూల్లో పాఠం ఏం చెప్పానో నాకు తెలియదు. తలనొప్పి ఒకటి. పరీక్ష పేపర్లు దిద్దితే వచ్చే నొప్పే అది, ఏడాదిగా ఉన్నదే. ఆ రెండు రోజులు మాత్రం కణతల దగ్గర ఆగకుండా కొట్టుకుంది. శుక్రవారం సాయంత్రం కరెంటు పోయింది. సాయిబుగారు టార్చి పట్టుకుని దుర్భిణి దగ్గర నిలబడ్డారు. పిన్నిగారు చాప మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు.

"సాయిబుగారూ, ఒక మాట అడుగుతాను. ఈ అద్దం మనదేనా?"

"మనదే. ఇంకెవరిదమ్మా?"

"బెజవాడ నుంచి తెచ్చిన అద్దమేనా అని అడుగుతున్నాను."

ఆయనకి అర్థం కాలేదు. పిన్నిగారికి ఆయనకన్నా ముందే అర్థమైనట్టుంది, చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"సోమవారం దాని అంచున నేనొక గుర్తు పెట్టాను," అన్నాను. "ఇప్పుడది లేదు."

సాయిబుగారు టార్చి ఆర్పేశారు. "పెన్సిలు గీతా? ఇంటూ లాగా?"

"అవును."

"నేనే తుడిచానమ్మా. స్పిరిట్టుతో. అంచుకి మురికి అంటిందనుకున్నాను." ఆర్పిన టార్చిని చేతుల్లో తిప్పుతూ, "గుర్తా అది," అన్నారు. అడిగినట్టు కాదు, తనలో తాను అనుకున్నట్టు.

"ఎందుకు పెట్టావమ్మాయ్ గుర్తు?" అన్నారు పిన్నిగారు. "మేం మారుస్తామనా?"

ఆమె చిక్కుళ్ల పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. తలుపు మెల్లగా దగ్గరికి వేసుకున్నారు. దభీమని వేసినా బాగుండేదనిపించింది.

నిజం చెప్పాలంటే, అప్పటికీ నా అనుమానం పోలేదు. తుడిచేశాననడం ఎంత సేపు? ఎవరైనా ఆ మాటే అంటారు అనుకుంటూ నిలబడ్డాను. సాయిబుగారు గొట్టాన్ని రోహిణి మీదికి తిప్పారు.

"ఒకసారి చూడండమ్మా. రెండో చుక్క ఎటు ఉంది?"

"కుడిపక్క, కాస్త పైకి. ఎప్పుడూ ఉన్నచోటే."

"కన్ను తీయొద్దు. గొట్టాన్ని నేను మెల్లగా తిప్పుతాను, ఇరుసు మీద కాదు, తన చుట్టూ తానే తిరిగేట్టు. చుక్క తిరుగుతుందేమో చెప్పండి."

ఆయన గొట్టాన్ని సగం చుట్టు తిప్పారు. రెండో చుక్క ఉన్నచోటే ఉంది.

"తిరగలేదు," అన్నాను.

"అద్దంలో దోషముంటే అద్దంతో పాటు అదీ తిరగాలి కదా. మీరే చెప్పాలి, మీ సైన్సే." ఆయన గొంతులో ఎత్తిపొడుపు లేదు. "ఇప్పుడు కన్ను తీయకుండా తలని ఎడమ భుజం మీదికి వంచండి."

వంచాను. చుక్క కదిలింది. నా తలతో పాటు జరిగి, పైకి పోయింది. తల నిటారుగా పెట్టాను, మళ్లీ కుడిపక్కకి వచ్చింది. రెండోవైపు వంచాను, అటు దిగింది. ఆకాశంలో చుక్క నా మెడ ఎటు చెబితే అటు తిరుగుతోంది. నేను అలా వంచుతూ నిటారు చేస్తూ ఎంతసేపున్నానో తెలియదు. కన్ను తీస్తే ఆయన మొహం చూడాలి, అందుకే తీయలేదు.

"లోపం నా కంట్లో ఉంది," అన్నాను చివరికి.

"మీ పుస్తకం ఒకసారి ఇవ్వండమ్మా."

ఆయన టార్చి వెలుగులో పేజీలు తిప్పారు. నలభై మూడు బొమ్మలు. వసిష్ఠుడు, మరికొన్ని తప్ప అన్నిటిలోనూ చిన్న చుక్క ఒకే వైపు ఉంది, కుడిపక్క, కాస్త పైకి. ఇన్ని నెలలూ ఆ పుస్తకం నా చేతుల్లోనే ఉంది. నేను ఒక్కో బొమ్మనీ చూసుకున్నాను, అన్నిటినీ కలిపి ఎప్పుడూ చూడలేదు.

"మీకెప్పటి నుంచి తెలుసు?"

"మీరు రోహిణి చూపించిన రోజు నుంచీ అనుమానం. ముందు అద్దం మీదే వచ్చింది, మనం తెచ్చిన అద్దమే చెడ్డదేమోనని. కొట్లో దీపం పెట్టి నాలుగు రోజులు పరీక్ష చేశాను. మీరు వచ్చినప్పుడు దాచేశాను. దాంట్లో లోపముంటే మీకెట్లా చెప్పాలా అని బెంగ. లోపం లేదని తేలాక ఇంకా కష్టమైంది. టీచరమ్మకి కన్ను సరిగా లేదని ఎట్లా చెప్పేది?"

మర్నాడు పొద్దున కొట్లో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి బరువైన పరీక్ష ఫ్రేము ముక్కు మీద పెట్టారు. ఎదుట గోడ మీద గడియారం ముఖంలా చుట్టూ గీతలున్న అట్ట. అన్నీ ఒకే నలుపుతో గీసినవట. నాకు మాత్రం ఒకవైపు గీతలు కాటుకలా, మిగతావి బూడిదలా కనిపించాయి. ఆయన ఒక దిక్కున మాత్రమే వంపుండే సిలిండరు అద్దం ఒకటి వేసి వేలితో కొద్దికొద్దిగా తిప్పారు. ఒకచోటికి రాగానే గీతలన్నీ ఒక్కసారిగా సమానంగా నల్లబడ్డాయి. నేను ఏడ్చాను. కంటి పరీక్షలో అందరికీ కళ్ల నీళ్లు కారతాయన్నట్టు ఆయన గుడ్డ అందించి, పక్కకి తిరిగి కాగితం మీద నంబరు రాసుకున్నారు.

వారానికి కళ్లజోడు వచ్చింది. తలనొప్పి నాలుగు రోజుల్లో పోయింది. ఎదురింటి పెంకులు విడివిడిగా కనిపించాయి. బోర్డు మీద నా చేతిరాత ఎంత అడ్డదిడ్డంగా ఉందో మొదటిసారి తెలిసింది. జోడు పెట్టుకుని రోహిణిని చూశాను. ఒకటే. నలభై మూడింటిలో పదకొండు మిగిలాయి, అన్నీ ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నవే. వేధశాలకి రాసిన ఉత్తరాన్ని చించి పొయ్యిలో వేశాను. ఆ చలికాలం శని పునర్వసుకి దగ్గరలోనే ఉన్నాడు. ఉంగరంలో నల్లగీత కనిపించింది, వెంట్రుకంత. ఆ మాట ఎవరితోనైనా అనాలనిపించింది. సాయిబుగారు నమాజుకి వెళ్లారు, పెరట్లో నేనొక్కదాన్నే ఉన్నాను.

ఎందుకంటే ఆ శుక్రవారం తర్వాత పిన్నిగారు పెరట్లోకి రావడం మానేశారు. కుళాయి దగ్గర ఎదురుపడితే "నీళ్లు పట్టుకున్నావా?" అనేవారు, అంతవరకే. సాయిబుగారు మామూలుగానే ఉండేవారు. కానీ కళ్లజోడు ఇచ్చిన మర్నాడే చెక్కపెట్టె తెచ్చి నా గుమ్మం దగ్గర పెట్టారు.

"వద్దండీ, మీ దగ్గరే ఉండనివ్వండి," అన్నాను.

"ఇది నా కోసం అడుగుతున్నానమ్మా. రేపు ఏ చుక్కయినా సరిగా కనబడకపోతే మీకు నేను గుర్తుకు రాకూడదు."

నా ట్రంకు పెట్టెలో, బట్టల మధ్య, మూడేళ్లకి పైగా ఉంది ఆ అద్దం. వానాకాలంలో వారానికోసారి తీసి ఎండబెట్టేదాన్ని. మూత తెరిచినప్పుడల్లా ఆ మాటే గుర్తొచ్చేది.

వేసవి సెలవులకి ఊరెళ్లేముందు వంటింటి గుమ్మంలో నిలబడి పిన్నిగారితో అన్నాను. "తప్పయింది పిన్నిగారూ. సాయిబుగారిని అలా అనుకోకూడదు."

ఆమె పొయ్యి మీద గిన్నె దించి నా వైపు తిరిగారు. "అద్దం సంగతి ఆయనది. ఆయన మాఫ్ చేశారు. నాకు బాధ దాని గురించి కాదు. శనిలో గీత కనిపించిందన్నప్పుడు నువ్వు నమ్మావా?"

జవాబూ ఆమే చెప్పారు.

"నమ్మలేదు. నీ మొహం చూస్తే నాకు అప్పుడే తెలిసింది. చదువుకోలేదు కాబట్టి నేను ఒకరు చెప్పిందే చెబుతాననుకున్నావు. సూదిలో దారం ఇప్పటికీ దీపం లేకుండా ఎక్కిస్తాను అమ్మాయ్ నేను."

ఊరికి పట్టుకెళ్లమని అరిసెల డబ్బా ఇచ్చారు. అది క్షమించడమో, మర్యాదో నాకు తెలియలేదు. బస్సులో గంపలగూడెం దాకా అదే ఆలోచించాను.

ఆ ఏడాది చలికాలంలో మళ్లీ వచ్చారు ఆమె పెరట్లోకి. కరెంటు పోయి, లోపల చీకటిగా ఉందని చాప తెచ్చుకుని కూర్చున్నారు. నేను పునర్వసు నక్షత్రాల్లో ఉత్తరపు దాన్ని నూట పది రెట్లలో పెట్టి తంటాలు పడుతున్నాను. అది జంటే, కానీ రెండూ బాగా దగ్గరగా ఉంటాయి. ఒక్క క్షణం విడిపోయినట్టుండి మళ్లీ కలిసిపోతున్నాయి. ఇది నా కంటి పనా, గాలి పనా, నిజమా అని తేలడం లేదు.

"నేను చూడనా?" అన్నారు పిన్నిగారు.

చూశారు. చాలాసేపు చూశారు. "రెండు. తెల్లగా, గుండ్రంగా, రెండు బియ్యపు గింజలు తగిలీ తగలనట్టు."

నా మనసులో మొదట వచ్చిన ఆలోచన పాతదే. అది జంట అని ఎప్పుడైనా ఈమెకి చెప్పానా? చెప్పాను, నిరుడు. ఆ ఆలోచనకి నా మీద నాకే అసహ్యం వేసింది. కానీ ఈసారి దాన్ని లోపల పెట్టుకోలేదు.

"పిన్నిగారూ, మీ మాట కాదనడం కాదు. మనిద్దరికీ పరీక్ష పెట్టుకుందాం. నాకు నా కంటి మీద కూడా నమ్మకం లేదు."

ఆమె నా వైపు ఒక్క నిమిషం చూశారు. "పెట్టు. ఇట్లా మొహం మీద అడిగితే నాకు కోపమెందుకు?"

ఇద్దరం చెరో కాగితం ముక్క తీసుకున్నాం. ఒకరికొకరు చెప్పుకోకుండా, చిన్న చుక్క ఎటువైపుందో గీసి, నమాజు నుంచి వచ్చిన సాయిబుగారి చేతికిచ్చాం. ఆయన టార్చి వేసి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టారు.

"ఒకటే గీశారు," అన్నారు. తర్వాత నవ్వుతూ, "నాది కూడా తీసుకోండి, నన్నెందుకు వదిలేస్తారు?" అని మూడో కాగితం అడిగారు. ఆయనదీ అంతే వచ్చింది. నోటుబుక్కులో మొదట పిన్నిగారి పేరు రాశాను, తర్వాత నాది. ఆ రాత్రి మేం తొమ్మిదింటి దాకా పెరట్లోనే కబుర్లు చెప్పుకున్నాం.

అక్కడి నుంచి మా ఇంట్లో అదే పద్ధతి. ఏ చుక్కయినా ముగ్గురం విడివిడిగా గీయాల్సిందే. ఒక్కోసారి మూడూ మూడు రకాలుగా వచ్చేవి. అప్పుడు పెద్ద పోట్లాట అయ్యేది. పిన్నిగారు ఎవరి మాటకీ లొంగేవారు కాదు. మొగుడి మాటకే వంత పాడుతుందని ఒకప్పుడు అనుకున్నది ఈ మనిషి గురించేనా అని నాకు ఆశ్చర్యం వేసేది.

డెబ్బై ఎనిమిదిలో నాకు వేరే తాలూకాకి బదిలీ అయింది. మే నెల ఆఖరున, సామాను కట్టేసిన సాయంత్రం, చివరిసారి జ్యేష్ఠని చూశాం. ఆ ఎర్రటి చుక్క పక్కన, దాదాపు దాని వెలుగులోనే మునిగిపోయి, ఆకుపచ్చగా కనిపించే చిన్న చుక్క ఒకటుంటుందని పుస్తకంలో ఉంది. మా అద్దానికి అది అందడం కష్టమని కూడా నేను లెక్క వేశాను. ఈసారి ముందుగా ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

నాకు కనిపించలేదు. సాయిబుగారికీ కనిపించలేదు. పిన్నిగారు చూసి చూసి, "ఉంది. పడమటి పక్కన, పెసరగింజ రంగులో. వస్తోంది, పోతోంది," అన్నారు.

నేను మళ్లీ చూశాను. కళ్లజోడు తుడుచుకుని చూశాను, కంటి అద్దం మార్చి చూశాను. ఎర్రటి చుక్క వణుకుతోంది, అంతే. రంగు ఆమె చెప్పింది సరిపోయింది, దిక్కు సరిపోయింది. నేను చెప్పలేదని నాకు తెలుసు. అయినా నాలుగేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు నా నోట జారి ఉండదా?

నోటుబుక్కు తెరిచి, "జ్యేష్ఠ: పిన్నిగారికి కనిపించింది" అని రాశాను. పెన్ను ఎత్తకుండా ఆగిపోయాను.

"ప్రశ్న గుర్తు పెట్టాలనుందా?" అన్నారు ఆమె, నా భుజం మీదుగా చూస్తూ.

"ఉందండీ."

"పెట్టుకో. నేను మాత్రం చూశాను."

పెట్టాను. ఆమె నవ్వి, రేపు పొద్దున బస్సుకి పులిహోర కట్టిస్తాననీ, వెళ్లి పడుకోమనీ చెప్పి లోపలికి వెళ్లారు. సాయిబుగారు అద్దం తీసి గుడ్డలో చుడుతున్నారు. ఇక అది ఆయన దగ్గరే ఉండాలని అంతకు ముందే ఒప్పించుకున్నాను. పెట్టె మూత వేస్తూ, "నాకైతే ఆమె చూసిందనే అనిపిస్తోందమ్మా," అన్నారు గొంతు తగ్గించి.